రెండుసార్లు వంచిన నీళ్లు

ఆ ఏడు శివరాత్రి ఆదివారం పడింది. ముందు రోజు సాయంత్రం శివప్ప అనంతపురం ఆసుపత్రి నుంచి బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి పంచలో గోడకు ఆనించి ఒక గోనెసంచి ఉంది. మూతి విప్పి ఉంది. లోపల ఎర్రతోలు గెనుసుగడ్డలు, కోస్తావాళ్లు చిలగడదుంపలనేవి, ఇంకా మట్టి తడి ఆరనివి.

"మల్లికార్జున తెచ్చినాడు," అంది భార్య బయమ్మ, అతని చేతిలో సంచి అందుకుంటూ. "యాడో తోటలో మంద నిలిపినాడంట. ఆ రైతు పండగకని ఇచ్చినాడంట."

మల్లికార్జున శివప్ప తమ్ముడు. శివప్ప గడ్డల వైపు ఒకసారి చూసి మంచం మీద వాలిపోయాడు. డయాలసిస్ మిషను నుంచి వచ్చిన రోజు అతనికి మాట్లాడే ఓపిక ఉండదు.

వాళ్లది ముదిగుబ్బ మండలంలో తారురోడ్డుకు మైలు దూరంలో ఉన్న పల్లె. శివప్పకు యాభై రెండేళ్లు. పదకొండో ఏట నుంచి గొర్రెల వెంట నడిచాడు. ఏటా ఉగాది చేసుకుని అన్నదమ్ములిద్దరూ నూట అరవై గొర్రెలను తోలుకుని ఉత్తరంగా నడిచేవారు. కర్నూలు కాలువల కింద కోసిన మడుల్లో మంద నిలిపేవారు. తొలకరి మబ్బు చూసుకుని వెనక్కి తిరిగేవారు. ఆ రెండు మూడు నెలల్లో ఒకే చోట వారం రోజులు పడుకున్నది లేదు. మోకాళ్లు నొప్పి పుడితే, ఏ ఊరు దగ్గరుంటే ఆ ఊరి అంగట్లో మాత్ర కొని మింగి మళ్లీ నడిచేవాడు. ఎన్నేళ్లు మింగావని డాక్టరు అడిగితే శివప్ప లెక్క చెప్పలేకపోయాడు. ఆ మాత్రలూ, చూపించుకోని బీపీ, రెండూ కలిసి కిడ్నీలను తినేశాయన్నాడు డాక్టరు.

ఇప్పుడు మంగళవారం, గురువారం, శనివారం తెల్లవారి ఆరున్నర బస్సుకు అనంతపురం పోవాలి. ఎడమ చేతికి రెండు సూదులు గుచ్చుకుని నాలుగు గంటలు డయాలసిస్ మిషను పక్కన పడుకోవాలి. మళ్లీ బస్సెక్కి ఇంటికి రావాలి. తొమ్మిది నెలలుగా అతని నడక అంతా ఈ రోడ్డు మీదే. వేరే కిడ్నీ పెట్టించుకోవచ్చని డాక్టరు ఒకసారి చెప్పాడు. బయమ్మకు షుగరు ఉంది, ఆమెది పనికిరాదన్నారు. మల్లికార్జునకు ఇద్దరు చిన్నపిల్లలు. అతను ఇస్తానని అనలేదు, శివప్ప ఇమ్మని అడగలేదు. ఆ మాట అంతటితో ఆగిపోయింది.

తిండి సంగతి మొదటి రోజే డయాలసిస్ గదిలో పనిచేసే గౌతమి చెప్పింది. ఆ అమ్మాయిది గార్లదిన్నె. "ఒంట్లో పొటాషియం అని ఒగ ఉప్పు ఉంటాది శివప్పన్నా. మామూలుగా కిడ్నీలు దాన్ని బయటికి తోసేస్తాయి. నీవి తొయ్యవు. అది పెరిగితే గుండె ఉన్నట్టుండి నిలిచిపోతాది," అని చెప్పి, వద్దన్నవన్నీ ఏకరువు పెట్టింది. అరటిపండు, టెంకాయ నీళ్లు, చెనక్కాయలు, అన్నిటికీ మించి నేలలో ఊరే గడ్డలు. ఉర్లగడ్డ, గెనుసుగడ్డ, చామగడ్డ, కంద. నీళ్లు రోజుకు మూడు గ్లాసులు. వారానికి మూడుసార్లే మిషను ఎక్కుతాడు కాబట్టి, శనివారం దాటాక మంగళవారం వరకు ఉన్న ఎడం అన్నిటికంటే ప్రమాదమని, ఆ రెండు రోజులు నోరు కట్టుకోవాలని మరీ మరీ చెప్పింది.

బయమ్మ ప్రతి పొద్దూ ఒక ప్లాస్టిక్ బాటిల్లో మూడు గ్లాసులు కొలిచి పోసి మంచం పక్కన పెట్టేది. మాత్ర మింగడానికి, దప్పిక తీరడానికి, అన్నిటికీ అదే.

శివరాత్రి నాడు ఆమె గడ్డలు ఇంట్లో ఉడికించలేదు. నాలుగు తీసుకుని పక్కింటి సుజాత పొయ్యి మీద ఉడకబెట్టుకుంది, వాసన అతనికి రాకుండా. కానీ ఆ రోజు ఊళ్లో గడ్డ ఉడకని ఇల్లు లేదు. మధ్యాహ్నానికి వీధి వీధంతా తీయటి వాసనతో నిండిపోయింది. శివప్ప తలుపు మూసుకున్నాడు. కిటికీ మూసుకున్నాడు. ఉక్కపోసి మళ్లీ తెరిచాడు.

మూడు గంటలప్పుడు బయమ్మ తలస్నానం చేసి, సుజాతతో కలిసి గుడికి బయలుదేరింది. "సంచి జోలికి పోవద్దు బావా," అంది గడప దాటుతూ. మేనత్త కూతురు కాబట్టి పెళ్లయి ముప్పై ఏళ్లయినా ఆమె అతన్ని బావా అనే పిలుస్తుంది.

"నేనేమన్నా పసిపిల్లోన్నా?" అన్నాడు శివప్ప.

ఆమె పోయాక అరగంట కూర్చున్నాడు. తర్వాత లేచాడు. పొయ్యిలో నిప్పు ఇంకా చావలేదు. సంచిలోంచి నాలుగు గడ్డలు ఏరి, బూడిద తోసి నిప్పుల్లో పూడ్చాడు. మందల దగ్గర అట్లాగే కాల్చుకునేవారు. తోలు నల్లబడి, చిట్లి, పక్కల నుంచి పాకం కారే వేళకు కర్రతో బయటికి లాగాడు. వేళ్లు కాలుతున్నా ఆగలేదు. మొదటిది నాలుగు ముద్దల్లో అయిపోయింది. రెండోది నిదానంగా తిన్నాడు. తొమ్మిది నెలలుగా చప్పిడి అన్నం, చప్పిడి బీరకాయ తిన్న నోరు అది. మూడోది తింటుండగా కళ్లలో నీళ్లు తిరిగాయి, పొగకో మరెందుకో. నాలుగోది వదిలేద్దామనుకుని కూడా తిన్నాడు. గొంతు పట్టుకుంటే బాటిల్లో మిగిలిన నీళ్లన్నీ తాగి, బిందెలోంచి ఇంకో చెంబు ముంచుకుని తాగాడు. తొక్కలు బూడిద కింద కప్పేశాడు.

ఆ సాయంత్రం అతనికి భయం వేయలేదు. ఒంట్లో ఏ మార్పూ లేదు. గుడి నుంచి వచ్చిన బయమ్మతో మామూలు కంటే ఎక్కువ మాట్లాడాడు కూడా.

సోమవారం పొద్దున మంచం దిగబోతే కాళ్లు తడిసిన గొంగళిలాగా బరువెక్కాయి. నిద్ర చాలలేదనుకున్నాడు. పది గంటలకు చేతులూ అట్లాగే అయ్యాయి. గ్లాసు ఎత్తబోతే జారింది. గుండె ఒక్కొక్క దెబ్బా ఆలోచించి కొడుతున్నట్టు నెమ్మదిగా కొడుతోంది. బయమ్మ అతని మొహం చూసింది. నేరుగా పొయ్యి దగ్గరికి పోయి బూడిద కెలికింది. తొక్కలు పట్టుకుని వచ్చింది.

"ఎన్ని తిన్నావు?"

"ఒగటి."

"బావా. నా మొగం చూసి చెప్పు."

"నాలుగు," అన్నాడు.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తింది. అంబులెన్సు వచ్చేదాకా సుజాత అతని తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఆసుపత్రిలో రక్తం తీసి చూస్తే పొటాషియం ఏడు దాటి ఉంది. ఐదు దగ్గర ఉండాల్సింది. ఏవో సూదులు ఎక్కించి, వరసలో ఉన్నవాళ్లను ఆపి అతన్ని మిషను మీద పడుకోబెట్టారు. సాయంత్రానికి చేతులు కదిలాయి. డాక్టరు వచ్చి చార్టు చూసి, అతన్ని వదిలేసి బయమ్మ మీద పడ్డాడు.

"ఏమమ్మా, చెప్పింది అర్థం కాదా? ఇంట్లో గడ్డల మూట పెట్టుకుని గుడికి పోతావా? ఇంకో రెండు గంటలు ఆలస్యమైతే మనిషి ఉండేవాడు కాదు."

బయమ్మ తల వంచుకుని నిలబడింది. అందరూ చూస్తున్నారు. తిన్నది తనేనని చెప్పాలని శివప్ప నోరు తెరిచాడు. నాలుక అంటుకుపోయి మాట రాలేదు. డాక్టరు వెళ్లాక ఇంక చెప్పి లాభం లేకపోయింది.

చీకటి పడేలోపు మల్లికార్జున వచ్చాడు. మంద వేరేవాళ్లకు అప్పజెప్పి, గొర్రెల వాసనతో, భుజం మీద గొంగళితో అట్లాగే వచ్చాడు. మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాడు.

"నేనే తెచ్చినా గదన్నా," అన్నాడు. "నీకు వద్దని తెల్సు. తెల్సి గూడా తెచ్చినా."

"పండగకు తెచ్చినావు. దానికేముండాది."

"కాదన్నా. ఇయ్యాల్సింది ఇయ్యలేక తెచ్చినా." తమ్ముడు పట్టె మీద నుంచి చేయి తీశాడు. "నాకు బయం. కోస్తారంటేనే చేతులు వణుకుతాయి. పిల్లోళ్లు కండ్ల ముందర కనపడతారు. నీ తట్టు చూడలేక, వచ్చినప్పుడల్లా ఏదో ఒగటి మోసుకొస్తాండా."

శివప్ప అతని వైపు చూశాడు. ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని అతనికి తెలుసు. వస్తే కోపం వస్తుందనుకున్నాడు. రాలేదు. లోపల ఎక్కడో, తనకు కూడా తెలియకుండా తెరిచి పెట్టుకున్న తలుపొకటి మూసుకుంది, అంతే.

"నేను అడిగినానా?" అన్నాడు. "పో. మంద కాడ ఎవురుండారు? నీళ్లకు తోలినారో లేదో చూసుకో పో."

ఇంటికి వచ్చాక బయమ్మ మారిపోయింది. గడ్డల సంచిని లోపలి గదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవి తాళిబొట్టుకు కట్టుకుంది. పారేయడానికి ఆమెకు చేతులు రాలేదు. కరువు సీమలో పుట్టిన మనిషి, తిండి పారేయడం ఆమెకు తెలియదు. రోజుకు రెండు తీసి సుజాతకు ఇచ్చేది. ఉపాధి పనికి పోవడం మానేసింది. బయటికి పోతే పది నిమిషాల్లో తిరిగి వచ్చేది. అతను పెరట్లోకి పోతే గుమ్మంలో నిలబడేది. రాత్రి లేచి బిందెలో నీళ్ల మట్టం వేలితో చూసేది. డాక్టరు నలుగురిలో అన్న మాట ఆమె మళ్లీ ఎత్తలేదు. కానీ ప్రతి పనిలోనూ అదే ఉంది.

శివప్ప తిండి తగ్గించేశాడు. పంతంతో కాదు, నిజంగానే సయించలేదు. అదే అన్నం, అదే ఉప్పు లేని బీరకాయ, సొరకాయ. రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేవాడు. రెండు వారాలకు మిషను ఎక్కేముందు తూకం చూస్తే మూడు కిలోలు తగ్గాడు. గౌతమి రిపోర్టు చూసి మొహం ముడుచుకుంది. ఆ రోజు బయమ్మ కూడా వెంట వచ్చింది.

"అక్కా, తినకుంటే గూడా కష్టమే. ఒంట్లో బలం తగ్గితే మిషను తట్టుకోడు. అన్నకు ఏం తినబుద్ధి అవుతాది?"

బయమ్మ మెడలోని తాళంచెవిని కొంగు కింద దాచుకుంది. శివప్ప కిటికీ వైపు తిరిగాడు. అతని మనసు ఇంకా గడ్డ మీదే ఉందని గౌతమికి అర్థమైంది. పోయి డాక్టరును అడిగి వచ్చి బయమ్మ పక్కన కూర్చుంది.

"గడ్డ తినేదానికి ఒగ దారి ఉండాది. కానీ కొలత తప్పకూడదు. తోలు తీసెయ్యి. బిళ్లల మాదిరి పల్చగా తరుగు. పెద్ద గిన్నె నిండా నీళ్లు పోసి రెండు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబొయ్యి. మళ్లా కొత్త నీళ్లు నిండుగా పోసి ఉడకబెట్టి వంచెయ్యి. ఇంగోతూరి కొత్త నీళ్లు పోసి మెత్తగా ఉడికించి, అవీ వంచెయ్యి. ఆ నీళ్లు చారులో గీరులో కలపొద్దు. పోయే విషం దాంట్లోనే ఉంటాది. అట్ల చేసినా సగమే పోతాది, అంతా పోదు. అందుకే చిన్న గిన్నెడే, వారానికి ఒగటో రెండోతూర్లు, మరుసటి దినం మిషను ఉన్నప్పుడే. శనివారం రాత్రి, ఆదివారం తినేదే ల్యా. నెలనెలా రక్తం చూసి ఎక్కువైతే ఆపేద్దాం. కాల్చింది మాత్రం ఎప్పటికీ వద్దు. నిప్పుల్లో ఉప్పు యాడికీ పోదు."

చెప్పినంత తేలిక కాదు అది. ఊరికి నీళ్లు నాలుగు రోజులకు ఒకసారి వస్తాయి. ఇంటికి పన్నెండు బిందెలు పట్టుకుంటే గొప్ప. రెండు గడ్డల కోసం బయమ్మ బిందె నిండా నీళ్లు ఖర్చు పెట్టింది. మొదటి గిన్నె కాలువలోకి వంచుతుండగా గోడ అవతల నుంచి సుజాత చూసింది.

"ఏమక్కా ఇది! నీళ్లు ఎక్కువైనాయా నీకు? నిన్న నేను చెంబుడు అడిగితే ల్యావంటివి. ఈడ కాలవ పాలు చేస్తాండావు!"

"ఆయప్ప కోసరం చేస్తాండా."

"ఆయప్ప మూడు గ్లాసులే తాగల్లంటివి గదా?"

బయమ్మ గిన్నె పట్టుకుని నిలబడి, గౌతమి చెప్పినదంతా గోడ మీదుగా చెప్పింది. సుజాత విని గోడ మీద మోచేతులు ఆనించింది. "సరే, కాలవలో ఏంటికి? మా బర్రె తాగుతాది ఇట్లియ్యి. దాని కిడ్నీలకేం రోగం ల్యా," అంది.

ఆ పైన వంచిన నీళ్లన్నీ చల్లార్చి గోడ మీదుగా అందించేది బయమ్మ. సుజాత వాటిని తొట్టిలో పోసేది. శివప్ప మంచం మీద నుంచి చూసేవాడు. బర్రె మూతి ముంచి, తల ఎత్తకుండా, గుటగుటా రెండు గిన్నెల నీళ్లు ఒక్క గుక్కలో లాగేది. మూతి నుంచి ధారలు కారిపోయేవి. అతని నోట్లో నాలుక పెంకులాగా ఎండి ఉండేది. బాటిల్ వైపు చేయి పోయేది. సాయంత్రం మాత్ర గుర్తొచ్చి వెనక్కి వచ్చేది.

ఉడికిన గడ్డ తెల్లగా, పేలవంగా ఉంది. బయమ్మ దాన్ని చిన్న గిన్నెలో పెట్టి తెచ్చి, అతను తినేదాకా ఎదురుగా కూర్చుంది. మొదటిసారి, రెండోసారి తిన్నాడు. మూడోసారి, ఒక శుక్రవారం మధ్యాహ్నం, గిన్నెను ఎత్తి గోడకేసి కొట్టాడు.

"ఇది గడ్డనా? నానబెట్టిన గుడ్డ మాదిరి ఉండాది. ఇది తినేదానికన్నా సచ్చేది మేలు."

గిన్నె దొర్లుకుంటూ పోయి గుమ్మంలో ఆగింది. బయమ్మ దాని వైపు చూడలేదు. అతన్నే చూసింది.

"అయితే సావు," అంది. గొంతు పెంచలేదు. "నీకు వారానికి మూడు దినాలన్నా బస్సెక్కేది ఉండాది బావా. నాకు అదీ ల్యా. ఈ గడప, ఆ పొయ్యి, నీ బాటిలు. పనికి పోయి ఇరవై దినాలాయ. మడకశిరలో మా యక్క రామాంజినమ్మ మనవనికి పేరు పెడతాండారు. మూడు తూర్లు ఫోన్ చేసింది. పోతే నువ్వేం తింటావో అని పోలే. గడ్డలు తిన్నది నువ్వు. ఆసుపత్రిలో అంతమందిలో మాట పడింది నేను. నేను తిన్నానని ఒగ మాటన్నా అన్నావా నువ్వు?"

శివప్ప చూపు గుమ్మంలోని గిన్నె మీదికి పోయింది.

"వాన ల్యాక వాడిన జొన్న పైరు మేస్తే గొర్రె సస్తాదని, కట్టె పట్టుకొని చేను చుట్టూ నిలబడేటోనివి. గొర్రెకు తెలీదు, కాపలా కాసినావు. నీకు తెలీదా? నీకు ఏంటికి కాపలా?" ఆమె మెడలోంచి తాళంచెవి విప్పి మంచం మీద పెట్టింది. "రేపు నువ్వు అనంతపురం బస్సెక్కు. నేను మడకశిరకు పోతా. మంగళవారం వస్తా. తింటే తిను. నేను మాత్రం పోతా."

అన్నట్టే పోయింది. శనివారం మధ్యాహ్నం శివప్ప తిరిగి వచ్చేసరికి ఇంటికి గొళ్లెం పెట్టి ఉంది. అన్నం వండి మూత పెట్టి ఉంది. బాటిల్ ఖాళీగా ఉంది. పెళ్లయినప్పటి నుంచి ఊరు విడిచి పోయేది ఎప్పుడూ తనే. ఆమె పోగా తను ఇంట్లో ఉండటం ఇదే మొదటిసారి.

ఆదివారం పొద్దున లోపలి గది తాళం తీశాడు. సంచిలో గడ్డలు ఎనిమిదో తొమ్మిదో మిగిలాయి. కొన్నిటికి ఎర్రటి మొలకలు వచ్చాయి. ఒకటి తీసుకుని పొయ్యి దగ్గర కూర్చున్నాడు. నిప్పు చేసి దాన్ని అందులో పెట్టాడు కూడా. వాసన లేచింది. ఎవరూ లేరు. ఎవరూ బూడిద కెలకరు. ఆ మాట అనుకోగానే అతనికి చెమట పట్టింది. మొన్న గ్లాసు జారిన చేయి కళ్ల ముందు కనిపించింది. ఈసారి పడితే చూసేవాళ్లు కూడా లేరు. గడ్డను బయటికి లాగి, గుడ్డలో చుట్టుకుని, గబగబా గోడ దగ్గరికి పోయాడు.

"సుజాతా! సుజాతా! బిన్నా రా."

ఆమె పరుగెత్తుకొచ్చింది. "ఏమాయప్పా? ఒంట్లో బాగల్యాదా?"

"దీన్ని తీసుకో. నా కండ్ల ముందర నుంచి తీసుకొని పో. లోపలికి పోయి తిను."

సుజాత గడ్డనూ, అతన్నీ మార్చి మార్చి చూసి లోపలికి పోయింది. శివప్ప ఆ రోజంతా పంచలోనే కూర్చున్నాడు. నీళ్లు తనే కొలుచుకున్నాడు. సాయంత్రానికి గ్లాసున్నర మిగిలితే అతనికే ఆశ్చర్యం వేసింది.

సోమవారం, మరునాడు మిషను కాబట్టి, కత్తి తీసుకుని ఒక గడ్డ తోలు తీశాడు. తరిగాడు, నానబెట్టాడు, ఉడకబెట్టి వంచాడు, మళ్లీ నీళ్లు పోసి ఉడకబెట్టి వంచాడు. రెండుసార్లూ గిన్నె మోసుకుపోయి తనే బర్రె తొట్టిలో పోశాడు. పేలవంగా పడి ఉన్న ముక్కలను చూస్తే మళ్లీ కోపం వచ్చింది. కానీ మందల దగ్గర ఇన్నేళ్లు వండింది ఎవరు? ఉప్పు ఒక్కటే వద్దన్నారు. చట్టిలో చెంచాడు నూనె వేసి, ఆవాలు, దంచిన వెల్లుల్లి, నాలుగు పచ్చిమిరపకాయలు వేయించాడు. గడ్డ ముక్కలు అందులో వేసి అడుగు ఎర్రబడేదాకా తిప్పాడు. దించి నిమ్మకాయ పిండాడు. గౌతమి చెప్పిన చిన్న గిన్నెడు తీసుకుని, మిగిలిన రెండు ముక్కలు గోడ మీద పెట్టి సుజాతను పిలిచాడు.

తీపి లేదు. నిప్పుల్లో కాలిన గడ్డ కాదది. కానీ కారం ఉంది, పులుపు ఉంది, కరకరలాడే అడుగు ఉంది. అన్నంలో కలుపుకుని కంచం ఖాళీ చేశాడు. చాలా రోజుల తర్వాత చేయి కడుక్కుంటూ ఇంకాస్త అన్నం ఉంటే బాగుండుననుకున్నాడు.

మంగళవారం మిషను దిగి అనంతపురం బస్టాండుకు వచ్చేసరికి ముదిగుబ్బ బస్సు ఆగేచోట బయమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. మడకశిర నుంచి అప్పుడే దిగింది. ముందు అతని కాళ్ల వైపు చూసింది, సరిగా నడుస్తున్నాడో లేదో అని. తర్వాత మొహం చూసింది.

"ఏం తిన్నావు?"

శివప్ప ఆమె పక్కన కూర్చుని జరిగిందంతా చెప్పాడు. నిప్పుల్లో పెట్టిన గడ్డ సంగతి కూడా దాచలేదు. పొటాషియం చూడమని తనే అడిగి రక్తం ఇచ్చానని, ఐదు పాయింటు రెండు వచ్చిందని చెప్పాడు.

"చిన్న డాక్టరు ఉన్నాడు ఈ పొద్దు," అన్నాడు. "పెద్దాయన రాలే. గురువారం వస్తాడంట. ఆ దినం తిన్నది నేనని, నీది తప్పు ల్యాదని ఆయప్పకు చెప్తా."

బయమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "మిరపకాయలు ఎన్ని ఏసినావు?"

"నాలుగు."

"నాలుగా? సుజాత ఏం తినింటాదిలే," అంది. బస్సు వచ్చింది.

బుధవారం నుంచి ఆమె ఉపాధి పనికి పోవడం మొదలుపెట్టింది. గురువారం శివప్ప పెద్ద డాక్టరుకు చెప్పాడు. ఆయన తల ఊపి, "సరే, ఇకముందు జాగ్రత్త" అని పక్క మంచం దగ్గరికి పోయాడు. ఆయనకు ఆ సంగతి గుర్తున్నట్టు కూడా లేదు. అయినా శివప్ప ఆ మాటను సాయంత్రం ఇంట్లో రెండుసార్లు చెప్పాడు.

ఉగాది దాటాక మల్లికార్జున మందను కదిలించాడు. ఆ రోజు శనివారం. అన్నదమ్ములు తారురోడ్డు దాకా కలిసి నడిచారు. గొర్రెలు ముందు, దుమ్ము, వెనక వాళ్లు. బస్సు స్టాపు దగ్గర శివప్ప ఆగాడు. ఏ ఊరి చెరువులో నీళ్లున్నాయో, ఏ రైతు మాట మీద నిలబడతాడో, కుంటుతున్న పొట్టేలును ఎట్లా చూడాలో మళ్లీ మళ్లీ చెప్పాడు. తమ్ముడు అన్నిటికీ "సరేన్నా" అన్నాడు. ఆరున్నర బస్సు వచ్చింది. శివప్ప ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. మంద ఉత్తరం వైపు బాట పట్టింది. బస్సు రోడ్డు మీద పోయింది. కాసేపు దుమ్ము కనిపించింది, తర్వాత అదీ లేదు. రొమ్ములో ఏదో పట్టేసినట్టు అయితే, ఇది పొటాషియమా, కాదా అని చేతులు ఎత్తి చూసుకున్నాడు. చేతులు బాగానే లేచాయి.

ఆ రోజు పక్క మంచం మీద కొత్త మనిషి ఉన్నాడు. పేరు గిరి, లారీ డ్రైవరు, ముప్పై ఏళ్లుంటాయి. సూది పోటుకు బిగుసుకుపోయి, గొట్టంలో పోతున్న తన రక్తాన్నే చూస్తున్నాడు.

"అన్నా," అన్నాడు శివప్ప వైపు తిరిగి. "నువ్వు ఏం పని చేసేటోనివి? యాడికి పోయేటోనివి?"

"గొర్రెలు. కర్నూలు కాలవల దాకా."

"నేను నాసిక్ దాకా పోతా. ఉల్లిగడ్డల లోడు. నెల దినాల్లో మళ్లా బండెక్కొచ్చా అన్నా? ఈ మిషను ఎన్నాళ్లు?"

గౌతమి మిషను దగ్గర ఏదో సరిచేస్తూ తల ఎత్తింది. శివప్ప పైకప్పు వైపు చూశాడు. ఫ్యాను తిరుగుతోంది. పది నెలల కిందట తను ఇదే అడిగితే, బతికున్నన్నాళ్లూ అని ఎవరో నిజం చెప్పారు. ఆ రాత్రి అతను నిద్రపోలేదు.

"ఈ పొద్దుకైతే నాలుగు గంటలు," అన్నాడు. "ఒగ గంట అయిపోయింది. ఆ చెయ్యి కదిలించొద్దు, సూది జారుతాది. ఇంటికాడ నీళ్లు ఎన్ని తాగుతాండావు, అది చెప్పు ముందు."

గిరి లెక్క చెప్పడం మొదలుపెట్టాడు. శివప్ప వింటూ కుడిచేత్తో దుప్పటి కాళ్ల మీదికి లాక్కున్నాడు.